మార్చిలో స్కీయింగ్: రాత్రి టెంపరేచర్ చూసి బయల్దేరండి

మినియాపొలిస్ చుట్టుపక్కల మార్చిలో రోడ్ల పక్కన గడ్డి కనబడగానే చాలామంది క్రాస్-కంట్రీ స్కీయింగ్ (కొండ మీంచి జారడం కాదు, మంచు దారిలో మన బలంతో సాగడం) సీజన్ అయిపోయిందనుకుని స్కీలు గరాజ్‌లో పెట్టేస్తారు. తొందరపడకండి. హైలాండ్ లేక్, ఎల్మ్ క్రీక్, థియోడర్ వర్త్ పార్కుల్లో మెషీన్లతో చేసిన మంచు వేస్తారు. ఆకాశం నుంచి పడ్డ మంచు కంటే అది దట్టంగా ఉంటుంది, త్వరగా కరగదు. పలచటి జాకెట్‌తో ఎండలో స్కీ చేసే రోజులు ఇవే.

అందరూ పగటి వేడి ఎంతో చూస్తారు. మీరు ముందు రాత్రి ఎంతకు దిగిందో చూడండి. 32 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే కిందికి దిగితే పగలు కరిగిన నీరు గడ్డకట్టి ట్రాక్ (స్కీల కోసం మంచులో వేసిన దారి) నిలబడుతుంది. దిగకపోతే పొద్దున్నే వెళ్ళినా తడి మంచే, స్కీ కూరుకుపోతుంది. ఆ రోజు మానేయండి. మనం చేసిన గాడులు తర్వాత గడ్డకడితే వెనక వచ్చేవాళ్ళు పడతారు. నడిచినా అంతే, కాబట్టి ట్రాక్ మీద బూట్లతో అడుగు పెట్టకండి.

రాత్రి బాగా గడ్డకడితే తెల్లవారుజామున ట్రాకంతా ఐసు. స్కేటింగ్ (స్కీలని పక్కలకి తోస్తూ సాగే పద్ధతి) బాగా వచ్చినవాళ్ళు అప్పుడే వెళ్తారు. క్లాసిక్ (ట్రాక్ లోని జంట గాడుల్లో స్కీలు తిన్నగా పెట్టి సాగే పద్ధతి) చేసేవాళ్ళు, ముఖ్యంగా కొత్తవాళ్ళు, ఆగాలి. ఎండ తగిలేకొద్దీ పై పొర విడివడి కల్లుప్పులా రవ్వరవ్వగా అవుతుంది. స్కీకి పట్టూ దొరుకుతుంది, జారుడూ బాగుంటుంది. ఎండ కాసే రోజుల్లో ఇది దాదాపు పది, పదకొండు మధ్య. మబ్బుంటే ఇంకా ఆలస్యం. ఆ కాసేపటి కోసం నేను శనివారం పొద్దున వేరే పనులేవీ పెట్టుకోను. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు కదా, అప్పట్నించి గంట ఆలస్యంగా వెళ్ళండి.

దక్షిణం వైపు వాలు ముందు మెత్తబడుతుంది. అదే సమయానికి చెట్ల నీడలో ఇంకా ఐసే. నీడలోంచి ఎండలోకి రాగానే స్కీ ఒక్కసారిగా పట్టేస్తుంది, మనిషి ముందుకు తూలతాడు. అక్కడికి చేరకముందే మోకాళ్ళు వంచి ఒక పాదం కాస్త ముందుకు పెట్టండి. ఐసు వాలు కనిపిస్తే పైనే ట్రాక్ లోంచి బయటికొచ్చి స్నోప్లౌతో (స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి బ్రేకు వేస్తూ) దిగండి. సగం దిగాక ట్రాక్ లోంచి కాలు తీయడం చాలా కష్టం.

ఈ మంచుకి మామూలు గట్టి కిక్ వ్యాక్స్ (స్కీకి పట్టు కోసం అడుగున రాసే మైనం) ఆగదు. జిగురులా ఉండే క్లిస్టర్ అనే వ్యాక్స్ బాగా పట్టుకుంటుంది గానీ చేతులకీ బట్టలకీ అంటుకుని వదలదు. కొత్తవాళ్ళకి స్కిన్ స్కీలో (పట్టు కోసం అడుగున బొచ్చు పట్టీ ఉన్నవి), కింద పొలుసుల్లా గీతలున్నవో చాలు. బొచ్చు పట్టీ, పొలుసులు ఉన్న చోటు వదిలేసి, అడుగున ముందూ వెనకా వేడి వాతావరణానికి తగిన గ్లైడ్ వ్యాక్స్ (బాగా జారడానికి రాసేది) రాయండి.

ట్రాక్ మీద పైన్ ఆకులు, చెట్ల జిగురు, దుమ్ము చేరే కాలమిది. ఇంటికొచ్చాక స్కీల అడుగు తుడవండి. స్కిన్ స్కీలు తడిగా బ్యాగులో పెట్టకండి, హీటర్ పక్కన ఆనించకండి, గదిలో గోడకి నిలబెట్టి ఆరనివ్వండి.