కాకటీల్ పక్షి: కనిపించే లక్షణం, కారణం, పరిష్కారం

కాకటీల్ స్వస్థలం ఆస్ట్రేలియా. కాకటూ, అంటే తలపై తురాయి ఉండే చిలుకల కుటుంబంలో ఇదే అతి చిన్నది. దాని పొడవు 30 నుండి 33 సెంటీమీటర్లు, అందులో దాదాపు సగం తోకదే. బరువు సుమారు 80 నుండి 120 గ్రాములు. వేటాడే జీవుల దృష్టిలో పడకుండా బతకవలసిన పక్షి కనుక ఇది జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. అందువల్ల పెంచేవారు దాని సహజ లక్షణాలను ముందుగా తెలుసుకుని ఉంటేనే తేడాను సకాలంలో పట్టుకోగలరు.

సమస్య: అర్ధరాత్రి పంజరంలో రెక్కలు బాదుకుంటూ కొట్టుకోవడం

చీకట్లో చిన్న శబ్దమో, గోడ మీద కదిలిన నీడో, పురుగో బెదరగొడితే పక్షి ఒక్కసారిగా ఎగరబోయి, చూపు ఆనక ఊచలకు కొట్టుకుంటుంది. పెంపుడు చిలుకలన్నిటిలో ఈ రాత్రి భయం కాకటీళ్లలోనే ఎక్కువ, తెలుపు, పసుపు ఈకలు, ఎర్రటి కళ్లు ఉండే లూటినో రకంలో మరీ ఎక్కువ. పంజరానికి దగ్గరలో మసక వెలుతురునిచ్చే చిన్న దీపాన్ని రాత్రంతా ఉంచడం అన్నిటికన్నా మంచి ఉపాయమని నా అభిప్రాయం. గుడ్డ కప్పే అలవాటు ఉంటే ఒక వైపు తెరిచి ఉంచాలి. పక్షి బెదిరినప్పుడు చేతితో పట్టుకోబోకుండా, దీపం వేసి, మెల్లగా మాట్లాడుతూ అది కుదుటపడేదాకా ఆగి, ఆ తరువాత రెక్కలను పరిశీలించాలి. ఎదుగుతున్న కొత్త ఈక కాడలో రక్తం ప్రవహిస్తుంది కనుక అది విరిగితే రక్తస్రావం తప్పదు. ఇంత చిన్న శరీరంలో ఉండే రక్తమే పది మిల్లీలీటర్లకు అటూ ఇటూ కాబట్టి, గాయం మీద మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) అద్ది శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టాలి. కొద్ది నిమిషాల్లో ఆగకపోతే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి.

సమస్య: తురాయి వెనుక ఈకలు లేని చోటు

లూటినో పక్షుల్లో ఇది వంశపారంపర్యంగా వచ్చేది. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. ఇతర రంగుల పక్షిలో కొత్తగా కనిపిస్తే జత పక్షి ఈకలు పీకుతోందేమో గమనించి, అవసరమైతే వాటిని విడదీయాలి. రెక్కల కింద, కాళ్ల మధ్య తానే పీక్కుంటుంటే జియార్డియా అనే పేగు పరాన్నజీవి కారణం కావచ్చు కనుక రెట్టను పరీక్ష చేయించాలి.

సమస్య: పంజరం చుట్టూ తెల్లని పొడి

ఇది జబ్బు కాదు. ప్రత్యేకమైన ఈకలు విడిచే ఈ పొడి మిగతా ఈకలను కాపాడుతుంది. వారానికి రెండు మూడుసార్లు గోరువెచ్చని నీరు చిలకరిస్తే తగ్గుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే మాత్రం పక్షిని పడకగదిలో ఉంచకూడదు.

సమస్య: బుసకొట్టడం, కరవడం

తురాయి నిటారుగా లేస్తే ఆశ్చర్యం లేదా అప్రమత్తత, సగం వాలి ఉంటే నిశ్చింత, తలకు పూర్తిగా అతుక్కుపోతే భయం లేదా కోపం. ఈ మూడో స్థితిలో చెయ్యి చాపితే కరుస్తుంది. అది పొగరు కాదు, హెచ్చరిక. పై నుంచి వచ్చే చెయ్యి దానికి గద్దలా తోస్తుంది కనుక ఛాతీ కన్నా కింది నుంచి చెయ్యి చాపి, ఇష్టమైన గింజ అందిస్తూ, రోజూ కొద్దిసేపే మచ్చిక చేయాలి.

సమస్య: మగపక్షి లేకుండానే ఆడపక్షి వరుసగా గుడ్లు పెట్టడం

ఎక్కువ గంటల వెలుతురు, గూడును తలపించే చీకటి మూలలు, వీపు నిమరడం దీన్ని ప్రేరేపిస్తాయి. రోజుకు పన్నెండు గంటల చీకటి ఇచ్చి, ఆ మూలలు మూసివేసి, కాల్షియం కోసం సముద్రపు నురుగు పెంకు (కటిల్‌బోన్) పెట్టాలి. గుడ్లను వెంటనే తీసేస్తే మళ్లీ పెడుతుంది. అది విసిగి వదిలేసేదాకా ఉంచడమే మేలు.

సమస్య: ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం, ఊపిరితో పాటు తోక ఊగడం

కారణం లోపల ఇరుక్కున్న గుడ్డు కావచ్చు, ఊపిరితిత్తుల వ్యాధి కావచ్చు. ఏదైనా ఇది అత్యవసరమే. పక్షిని వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచి ఆ రోజే వైద్యునికి చూపించాలి. నాన్‌స్టిక్ పాత్ర మాడినప్పుడు వెలువడే ఆవిరి నిమిషాల్లో ప్రాణం తీయగలదు కాబట్టి, అలాంటి పాత్రలు వాడే ఇంట్లో పంజరాన్ని వంటగదికి దూరంగానే ఉంచాలి.