మాట ఎక్కడ తెగిందో వెతకడం: షానన్–వీవర్ నమూనా వాడే పద్ధతి

చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. అప్పుడు "వాళ్లకు అర్థం కాలేదు" అని వదిలేస్తే మళ్లీసారీ అదే జరుగుతుంది. తేడా ఏ మెట్టు దగ్గర వచ్చిందో విడదీసి చూడాలి. దానికి, సందేశం ఒకరి నుంచి ఇంకొకరికి ఏ మెట్ల మీదుగా చేరుతుందో బొమ్మగా చూపే షానన్–వీవర్ నమూనా ఇప్పటికీ మంచి సాధనం. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో పనిచేసిన క్లాడ్ షానన్ దీన్ని 1948లో ప్రచురించారు. మరుసటి ఏడాది గణితవేత్త వారెన్ వీవర్ వివరణతో కలిపి పుస్తకంగా వచ్చింది. రొద ఉన్న తీగ మీద సంకేతాన్ని చెడకుండా ఎంత వేగంగా పంపవచ్చన్నది షానన్ ప్రశ్న. సందేశానికున్న అర్థంతో ఈ ఇంజినీరింగ్ సమస్యకు సంబంధం లేదని ఆయనే మొదట్లో రాశారు. ఆ మాట గుర్తుంచుకుంటే నమూనాను ఎక్కడ వాడాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ఒక నిజమైన పని మీద పెట్టి చూద్దాం. విరేచనాలవుతున్న ఏడాదిన్నర బిడ్డ తల్లికి ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ కలపడం చెప్పాలి. సందేశం ఇది: లీటరు ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి లీటరు శుభ్రమైన తాగునీటిలో కలపాలి. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. కొద్దికొద్దిగా పట్టాలి. 24 గంటలు దాటాక మిగిలింది పారబోయాలి. జింక్ రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు ఇవ్వాలి.

ముందు కాగితం మీద వరసగా ఐదు గడులు గీయండి: మూలం, ట్రాన్స్‌మిటర్, ఛానల్, రిసీవర్, గమ్యం. ఛానల్ గడి మీదకు పక్కనుంచి ఒక బాణం వేసి "రొద" అని రాయండి. షానన్ బొమ్మ దాదాపు ఇంతే. ఇప్పుడు గడుల్లో అసలు మనుషుల్నీ వస్తువుల్నీ నింపండి. మూలం కార్యకర్త. ట్రాన్స్‌మిటర్ ఆమె నోరు. ఛానల్ ఎదురుగా ఉంటే గాలి, లేకపోతే ఫోను. రిసీవర్ తల్లి చెవి, గమ్యం తల్లి. బిడ్డ ఏడుపు, పక్కగదిలో టీవీ, మధ్యమధ్య తెగే ఫోన్ లైను రొద కిందకు వస్తాయి.

ఎక్కువమంది పొరబడేది చివరి గడిలో. ఇంట్లో ఓఆర్‌ఎస్ కలిపేది నాయనమ్మ అయితే గమ్యం తల్లి కాదు. తల్లి నుంచి నాయనమ్మకు ఇంకో గొలుసు ఉంది, దాన్నీ గీయాలి. మొదటి గొలుసులో జారిపోయిన అంకెను రెండోది తిరిగి తేలేదు, పైగా తన వంతుగా ఇంకోటి పోగొట్టవచ్చు. వీలైతే మధ్య మనిషిని తీసేసి నేరుగా నాయనమ్మకే చెప్పడం మేలు.

తర్వాత వీవర్ చెప్పిన మూడు స్థాయుల్లో ప్రశ్నలు వేయండి, అదీ ఇదే వరసలో. ఒకటి, సంకేతం చెడకుండా చేరిందా? ఫోన్లో "అర గ్లాసు" అన్నది "ఆరు గ్లాసు" అని వినపడితే లోపం ఇక్కడే. రెండు, చేరిన మాట ఉద్దేశించిన అర్థమే ఇచ్చిందా? "లీటరు" అని స్పష్టంగా వినపడింది, కానీ ఆమె లెక్కలో లీటరంటే వంటింట్లో ఉన్న చెంబు. "ప్యాకెట్" మాటా ఇలాంటిదే. 200 మి.లీ. నీళ్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ దుకాణాల్లో ఉన్నాయి. చిన్నదాన్ని లీటరులో కలిపితే మందు పలచబడి సరిగా పనిచేయదు. పెద్దదాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు గాఢత పెరిగి బిడ్డకు ప్రమాదం. మూడు, అనుకున్న పని జరిగిందా? 14 రోజులని విన్నారు, అర్థం చేసుకున్నారు. మూడో రోజు విరేచనాలు కట్టగానే జింక్ ఆపేశారు. ఈ మూడో రకానికి గట్టిగా చెప్పడమో, మళ్లీ చెప్పడమో మందు కాదు. "విరేచనాలు ఆగినా ఎందుకు వేయాలి" అన్న కారణం సందేశంలోనే ఉండాలి.

మొదటి స్థాయి లోపాలకు షానన్ దగ్గర గట్టి మందు ఉంది, రెండో స్థాయిలోనూ అది పనికొస్తుంది: అదే సమాచారాన్ని అదనంగా, వేరే రూపంలోనూ పంపడం. భాషలో ఇది సహజంగానే ఉంటుంది. "నేను వస్తాను"లో "నేను" వినపడకపోయినా క్రియ చివర చూసి ఎవరో చెప్పేయగలం. మామూలు ఇంగ్లిష్‌లో సుమారు సగం ఇలాంటి అదనమేనని షానన్ అంచనా వేశారు. అంకెలకు మాత్రం ఈ రక్షణ లేదు. 50 అన్నది వినపడకపోతే చుట్టూ ఉన్న ఏ మాటా దాన్ని పట్టివ్వదు. అందుకే మాటలన్నీ రెండుసార్లు చెప్పనక్కర్లేదు గానీ ప్రతి అంకెనూ కనీసం రెండు రూపాల్లో పంపాలి. "లీటరు" అంటూనే లీటరు బాటిల్ చూపించి ఎక్కడిదాకా పోయాలో వేలు పెట్టండి. 50 మి.లీ. అంటూనే ఇంట్లో ఉన్న గ్లాసులో అంత కొలిచి పోసి గీత గీయండి. ప్యాకెట్ మీద అచ్చేసిన నీళ్ల కొలత దగ్గర పెన్నుతో సున్నా చుట్టండి. అదనం మరీ ఎక్కువైనా పని చెడుతుంది. ఒకే విడతలో పది సూచనలు గుప్పిస్తే అసలు అంకెలు వాటిలో కలిసిపోతాయి.

ఇక నమూనా పరిమితులు. అన్నిటికన్నా ముందు కనిపించేది, షానన్ మూల చిత్రంలో బాణాలన్నీ ఒకవైపే పోతాయి. జవాబు వెనక్కి వచ్చే దారి అందులో లేదు. 1954లో కమ్యూనికేషన్ పండితుడు విల్బర్ ష్రామ్ ఇద్దరూ చెప్పేవాళ్లే, ఇద్దరూ వినేవాళ్లే అన్నట్టు గుండ్రంగా గీశారు. ఆచరణలో ఈ దిద్దుబాటు తప్పనిసరి. అలాగని "అర్థమైందా అమ్మా?" అని అడిగితే తిరుగు బాణం వచ్చినట్టు కాదు. "ఆ, అయింది" అన్నది చాలాసార్లు మర్యాద. దానికి బదులు "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఒకసారి మీరు కలిపి చూపించండి" అనండి. పరీక్ష పెట్టినట్టు ఉండదు, తప్పు కళ్లముందే తేలుతుంది. తప్పు కనిపిస్తే ఆ ఒక్క మెట్టే సరిచేసి మళ్లీ చూపించమనండి.

రెండో పరిమితి ఇంకా లోతైనది. నమూనాలో అర్థం ఒక మూట, ఇటు కట్టి అటు విప్పేదన్నట్టు ఉంటుంది. నిజానికి వినే మనిషి తన అనుభవంతో అర్థాన్ని తయారుచేసుకుంటుంది. "విరేచనాలప్పుడు నీళ్లు పడితే ఇంకా ఎక్కువవుతాయి" అని నాయనమ్మ అంటే, దాన్ని రొద గడిలో వేయకండి. ఆమె సందేశాన్ని స్పష్టంగా విన్నారు, ఒప్పుకోలేదు, అంతే. చదువు, కులం, వయసు, కార్యకర్త మీద నమ్మకం వంటివీ ఈ బొమ్మలో ఎక్కడా పట్టవు. మాటకు లోబడకపోవడాన్నంతా "రొద" అనేస్తే తప్పెప్పుడూ వినేవాళ్లదే అవుతుంది, అది ఈ నమూనాతో జరిగే పెద్ద అన్యాయం. ష్రామ్ గీసిన ఇంకో బొమ్మలో చెప్పేవారి, వినేవారి అనుభవ పరిధులు రెండు వలయాలు. అవి కలిసే చోటే మాట పారుతుంది. ఇలాంటప్పుడు ఆ బొమ్మ వాడండి. ఆమె దగ్గర ఉన్న అనుభవం నుంచే మొదలుపెట్టండి: "నోరెండిపోవడం, కళ్లు లోపలికి పోవడం మీరు చూసే ఉంటారు, ఒంట్లో నీళ్లు తగ్గితేనే అలా అవుతుంది."

సందేశం ఇచ్చిన మర్నాడు వీలైతే ఇంటికి వెళ్లి బాటిల్ చూపించమనండి. ఏ గిన్నెలో కలిపారు, ఎంత మిగిలింది, ఎప్పుడు కలిపారు, ఎవరు పట్టారు అన్న నాలుగూ రాసుకోండి. బాటిల్ నిండుగానే ఉంటే "ఎందుకు పట్టలేదు?" అని నిలదీయకుండా "పడితే ఏమవుతుందని అనిపించింది?" అని అడగండి. లోపం అంకెదో నమ్మకానిదో ఆ జవాబును బట్టి తేల్చుకుని, మొదటిదైతే గీత గీసిన గ్లాసు, రెండోదైతే నాయనమ్మతో సంభాషణ మళ్లీ మొదలుపెట్టండి.