బొమ్మలు రానివాళ్ళతో రెండు రోజులు

ప్రతి మే నెలలోనూ ఒక శనివారం, ఆదివారం మేం నలుగురం బొమ్మలు వేయడానికి బయల్దేరతాం. ఒకరు హైదరాబాద్ నుంచి, ఒకరు విశాఖ నుంచి రైల్లో వస్తారు. నేనూ, లెక్కలు చెప్పే మా మిత్రుడూ శ్రీకాకుళంలోనే ఉంటాం. నలుగురిలో బొమ్మలు వేయడం నేర్చుకున్నది నేనొక్కదాన్నే. ఇలాంటి ప్రయాణం మీరూ పెట్టుకుంటే మొదట చూసుకోవాల్సింది ఈ విషయమే. చేయి తిరిగినవాళ్ళు ఒక్కరున్నా మిగిలినవాళ్ళు పుస్తకాన్ని ఒళ్ళో దాచేసుకుంటారు. అందుకే మొదటి బొమ్మ నేను ఎడమ చేత్తో, అదీ బాల్‌పెన్నుతో వేస్తాను. దాన్ని చూసి అందరూ ఒక పూట నవ్వుకుంటారు, ఆ తర్వాత ఎవరి పుస్తకాలు వాళ్ళు తెరుస్తారు.

సామాను తక్కువ ఉండాలి. మొదటి ఏడాది నేను చెక్క స్టాండు మోసుకెళ్ళాను. కళింగపట్నం గాలికి అది రెండుసార్లు పడింది, రెండోసారి రంగుల పెట్టె మీదే పడింది. ఇప్పుడు మనిషికొక పరీక్ష అట్ట, రెండు క్లిప్పులు, మందపాటి కాగితాలు, ఒక 4బి (మెత్తగా, నల్లగా గీసే) పెన్సిలు, నీటి రంగుల బిళ్ళలు, లావుపాటి కుంచె ఒకటి, పాత నూలు పంచె ముక్క ఒకటి. కుంచె కడిగే నీళ్ళకు రంగు మూత ఉన్న సీసా పెట్టుకోండి. మా విశాఖ స్నేహితురాలు ఒకసారి కుంచెను మజ్జిగ గ్లాసులో ముంచింది. మజ్జిగ నీలంగా మారిన సంగతి తాగబోయేదాకా ఎవరూ చూసుకోలేదు.

మే నెలలో మాకు సూర్యోదయం 5.20 ప్రాంతంలో. ఎనిమిది దాటితే ఆరుబయట బొమ్మ వేయడం మొండితనమే. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా బాగుంటుంది. మధ్యలో నీడ పట్టున చేసే పని పెట్టుకోవాలి. శనివారం మధ్యాహ్నానికి పొందూరు సరిపోతుంది. అక్కడ ఖద్దరు నూలు వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళలోంచి పత్తి పొగలా సాగుతుంది. ముందుగా అడిగి, వాళ్ళు సరేనంటేనే కూర్చోండి. ముఖాల జోలికి పోకుండా చేతులు మాత్రమే వేయండి. ముఖం పోలిక రాలేదని బాధపడే పని ఉండదు, పని చేసుకునేవాళ్ళకూ ఇబ్బంది ఉండదు.

సాయంత్రానికి కళింగపట్నం చేరాలి. మేలోనే వెళ్ళడానికి ఒక కారణం ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. మరపడవలు ఒడ్డునే ఉంటాయి. మిగతా నెలల్లో మీరు సగం గీసేసరికి పడవ సముద్రంలో ఉంటుంది. మేలో అది ఎక్కడికీ పోదు.

కొత్తవాళ్ళు పడవను గీయబోయి అరటి దొప్పను గీస్తారు. పడవను పక్కన పెట్టి ముందు ఇసుక మీద పడిన దాని నీడను నింపండి. నీడ పై అంచే పడవ అడుగు. అది కుదిరితే పడవ ఇసుక మీద కూర్చుంటుంది, లేకపోతే గాల్లో తేలుతుంది. ఆ తర్వాత రెండు కొనల ఎత్తు చూసి కలపండి. పోయినేడు నేను ఇవన్నీ పాటించి, చాలా గర్వంగా, పక్కన వల బాగుచేసుకుంటున్న తాతకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "బాగుందమ్మా, కానీ నీళ్ళలోకి దించితే మునిగిపోతుంది" అన్నాడు. ముక్కు వైపు బాగా దించేశానట. పడవ గురించి పడవవాళ్ళనే అడగాలి.

సముద్రపు గాలికి రంగు కుంచె చివరే ఆరిపోతుంది. కావాలనుకున్నదానికి రెండింతల రంగు ముందే కలిపి ఉంచుకుని, ఆకాశాన్ని పైనుంచి కిందికి ఒకే ఊపులో దించండి, వెనక్కి వెళ్ళి దిద్దకండి. రంగు నీళ్ళలో ఒక చుక్క తేనె కలిపితే ఆరడం నెమ్మదిస్తుంది (చీమలు కూడా వస్తాయి, అది మీ ఇష్టం). కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకండి. ఎండలో సరిగ్గా కనిపించిన రంగు ఇంటికొచ్చాక నల్లగా తేలుతుంది. సరుగుడు చెట్ల నీడ చూసుకుని కూర్చోండి. వంశధార సముద్రంలో కలిసే చోట ఈతకు మాత్రం దిగకండి, అక్కడ నీటి లాగుడు ఎక్కువ.

ఆదివారం చీకటితోనే శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధుల ఇటుకల స్తూపాలు, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు) ఉన్నాయి. 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చిన చోటు ఇది. పైనుంచి చూస్తే వేసవిలో నది సన్నని పాయలుగా, మిగతాదంతా ఇసుకే. ఇక్కడ అందరినీ ఏడిపించేది గుండ్రని కట్టడం. గుండ్రంగా ఉందని తెలుసు కాబట్టి చేయి పూర్తి వృత్తం గీసేస్తుంది, స్తూపం కాస్తా పళ్ళెం అవుతుంది. దీనికి మా మందు చేతి గాజు. గాజును పడుకోబెట్టి కంటి ఎత్తుకు తెచ్చి చూడండి, గీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించండి, కోడిగుడ్డులా తెరుచుకుంటుంది. ఇంకా దించితే ఇంకా తెరుచుకుంటుంది. స్తూపం కూడా అంతే. మీ కంటికి దగ్గర ఎత్తులో ఉన్న వరస చపటగా, అడుగు వరస గుండ్రంగా రావాలి. మా లెక్కల మిత్రుడు దీన్ని సూత్రంతో వివరించబోయాడు. గాజు ఇచ్చి కూర్చోబెట్టాం. ఇటుకల మీద ఎక్కి కూర్చోకండి, చుట్టూ చోటు బోలెడు ఉంది.

ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరి చోడి (రాగి) అంబలి, మాగాయ. పదకొండింటికి వసారాలో తాటి ముంజలు. కొట్టిన కాయ ఒకటి మధ్యలో పెట్టి, బొమ్మ పూర్తయ్యాకే తినాలని నియమం. ముంజ మెరుపుకు తెల్ల రంగు అక్కర్లేదు, అక్కడ కాగితాన్ని అలాగే వదిలేసి అంచున మాత్రం బూడిద రంగు తాకించాలి. రెండు రోజుల్లోనూ అందరూ అతి వేగంగా పూర్తి చేసే బొమ్మ ఇదే.

సాయంత్రం రైలుకు ముందు అన్నిటినీ బట్టలారేసే దండేనికి క్లిప్పులతో తగిలిస్తాం. ఎవరి బొమ్మ వాళ్ళు పట్టుకెళ్ళకూడదు, పక్కవాళ్ళది ఎంచుకోవాలి. మునిగిపోయే నా పడవ ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఫ్రిజ్ తలుపు మీద ఉంది.