బ్లడ్ సెంటర్ పెట్టాలంటే: విశాఖలో దరఖాస్తు ఎలా చేసుకోవాలి

ఆసుపత్రికి సొంత బ్లడ్ బ్యాంక్ కావాలనుకోగానే చాలామంది జిల్లా వైద్యాధికారి ఆఫీసు మెట్లెక్కుతారు. లైసెన్స్ పని అక్కడ తెమలదు. మన చట్టం ప్రకారం రక్తం కూడా ఒక మందే. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తుంది కాబట్టి, మందుల కంపెనీకి లైసెన్స్ ఇచ్చే డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషనే దీనికీ ఇస్తుంది. ఇంకో మాట, 2020 సవరణ తర్వాత నిబంధనల్లో ‘బ్లడ్ బ్యాంక్’ అనే పేరు లేదు, ‘బ్లడ్ సెంటర్’ అయింది. కాగితాల మీద పాత పేరు రాయకండి.

ఫారం నింపే ముందు ఒక్క లెక్క చూసుకోండి. మీకు నిజంగా బ్లడ్ సెంటరే కావాలా, లేక స్టోరేజ్ సెంటర్ సరిపోతుందా? గాజువాకలోనో మధురవాడలోనో ముప్పై పడకల ఆసుపత్రి నడిపేవారికి నా సలహా ఎప్పుడూ రెండోదే. స్టోరేజ్ సెంటర్‌లో రక్తం సేకరించరు. లైసెన్స్ ఉన్న ఒక బ్లడ్ సెంటర్ నుంచి పరీక్షలు పూర్తయిన ప్యాకెట్లు తెచ్చుకుని, ఫ్రిజ్‌లో పెట్టుకుని, అవసరమైనప్పుడు మ్యాచింగ్ చూసి ఎక్కిస్తారు. పది చదరపు మీటర్ల గది చాలు. ఏడాదికి వాడకం 2,000 యూనిట్ల లోపు ఉండాలి. రక్తం ఇచ్చే సెంటర్ నుంచి ఒప్పుకోలు పత్రం తీసుకుని రాష్ట్ర లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు చేస్తే రెండేళ్లపాటు చెల్లే అనుమతి ఇస్తారు. పాడేరు, అరకు వైపు ఆసుపత్రులకైతే ఇదే ప్రాణాధారం. కాన్పులో రక్తం పోతున్న మనిషిని ఘాట్ రోడ్డు దించి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి చేర్చేదాకా సమయం ఆగదు కదా.

లేదు, సెంటరే కావాలి అంటారా? అయితే ఎవరు అడగొచ్చో చూడండి. ప్రభుత్వం, రెడ్‌క్రాస్, ఆసుపత్రి, ధార్మిక ట్రస్టు, స్వచ్ఛంద సంస్థ. అంతే. ఆసుపత్రి లేకుండా కేవలం వ్యాపారంగా షట్టర్ అద్దెకు తీసుకుని పెడతానంటే కుదరదు. ట్రస్టులు, స్వచ్ఛంద సంస్థలు ముందుగా రాష్ట్ర రక్తమార్పిడి మండలి ఆమోదం తెచ్చుకోవాలి. 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతోనే జాతీయ, రాష్ట్ర మండళ్లు వచ్చాయి. డబ్బు కోసం రక్తం అమ్ముకునే పద్ధతి 1998 జనవరి 1 నుంచి ఆగిపోయిందీ దానివల్లే.

తర్వాత స్థలం. కనీసం 100 చదరపు మీటర్లు ఉండాలి. రక్తాన్ని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తామంటే ఇంకో 50. డెంగీ రోజుల్లో అందరూ అడిగేది ప్లేట్‌లెట్లే కాబట్టి ఆ 50 కూడా ఇప్పుడే కట్టించుకోవడం మేలు. దాతను పరీక్షించే గది, రక్తం తీసే గది, గ్రూపు చూసే ల్యాబ్, జబ్బుల పరీక్షల ల్యాబ్, కడిగి స్టెరిలైజ్ చేసే చోటు, దాత కాసేపు కూర్చుని ఏదైనా తాగే గది, రికార్డుల గది వేర్వేరుగా కనిపించాలి. గోడలు నున్నగా, కడగడానికి వీలుగా ఉండాలన్నది నిబంధన. సముద్రపు గాలికి మన ఊళ్లో గోడలు ఎలా పెచ్చులూడతాయో తెలిసినవారు పెయింట్ దగ్గర పొదుపు చూడరు. జనరేటర్‌ని సెల్లార్‌లో మాత్రం పెట్టొద్దు, వాన నీళ్లు చేరితే అది పనిచేయదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు లేక ఊరు పడ్డ పాట్లు మరిచిపోయే రకం కావు. రక్తం ఉండాల్సింది 2 నుంచి 6 డిగ్రీల మధ్య, ప్లేట్‌లెట్లు 22 డిగ్రీల దగ్గర కదులుతూ ఉండాలి. ఫ్రిజ్‌కి ఉష్ణోగ్రత నమోదు చేసే ఏర్పాటు, అలారం తప్పనిసరి.

మనుషుల దగ్గరే ఎక్కువ ఫైళ్లు ఆగుతాయి. అర్హత, అనుభవం ఉన్న మెడికల్ ఆఫీసర్, ల్యాబ్ టెక్నీషియన్లు, రిజిస్టర్డ్ నర్సు పూర్తికాలం పనిచేసేవారై ఉండాలి. ఇంకోచోట ఉద్యోగం చేస్తున్న డాక్టరుగారి సర్టిఫికెట్ తెచ్చి జతచేస్తే తనిఖీ రోజున టెన్షన్ మీకే. ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు.

ఇప్పుడు దరఖాస్తు. ఆన్‌లైన్‌లో, మందుల లైసెన్సుల కోసం ఉన్న ఓఎన్‌డీఎల్‌ఎస్ పోర్టల్‌లో ఫారం 27-సి నింపాలి. లైసెన్స్ ఫీజు 6,000, తనిఖీ ఫీజు 1,500 రూపాయలు. స్థలం పత్రాలు లేదా లీజు, కొలతలతో ప్లాన్, సిబ్బంది అర్హత పత్రాలు, నియామక ఉత్తర్వులు, పరికరాల జాబితా, ప్రతి పనికీ రాతలో విధానం, ఆసుపత్రి వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్, ట్రస్టయితే డీడ్, జత చేయాలి. అన్నిట్లో పేరు, చిరునామా ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. ఆధార్‌లో ఒకలా, లీజులో ఒకలా ఉండటం మనకు మామూలే, వాళ్లకు కాదు.

తనిఖీకి రాష్ట్ర డ్రగ్ ఇన్‌స్పెక్టర్లతో పాటు మందుల నియంత్రణ చూసే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ అధికారులూ వస్తారు. రాష్ట్రం సిద్ధం చేసిన లైసెన్స్‌కి కేంద్ర లైసెన్సింగ్ అధికారి ఆమోదం కూడా పడాలి. అంటే సంతకాలు రెండు చోట్ల. కాస్త ఓపిక ఉండాలి. చేతికి వచ్చేది ఫారం 28-సి. అది వచ్చాకే మొదటి దాతను పడుకోబెట్టాలి. ఒకవేళ తిరస్కరిస్తే కారణాలు రాతలో ఇస్తారు. లోపాలు సరిదిద్ది ఆరు నెలల్లోపు చెబితే మళ్లీ తనిఖీకి వస్తారు.

లైసెన్స్ గడువు ఐదేళ్లు. గడువు తీరకముందే రెన్యువల్ పెడితే నిర్ణయం వచ్చేదాకా పాతదే చెల్లుతుంది. ఆలస్యమైతే ఆరు నెలల దాకా అదనపు రుసుముతో తీసుకుంటారు. ప్రతి యూనిట్‌కీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి, రికార్డులు ఐదేళ్లు దాచాలి. రక్తానికి ధర ఉండదు, ప్రాసెసింగ్ ఖర్చు మాత్రమే తీసుకోవాలి. డాక్టరు మారినా, గది మార్చినా తెలియజేయాలి. సంస్థ యాజమాన్యమే మారితే పాత లైసెన్స్ మూడు నెలలకు మించి పనికిరాదు, ఈలోగా కొత్త పేరుతో మళ్లీ 27-సి నింపాల్సిందే.