రామప్ప గుడి ముందు సాయంత్రపు ఎండ: టెక్నికల్ కెమెరాలో ఫ్లేర్ ఆపడం

రామప్ప గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక ఎదురుగా ట్రైపాడ్ వేస్తే, గుడి వెనక్కి దిగుతున్న సూర్యుడు నేరుగా లెన్స్ మీదికి వస్తాడు. (ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి.) నేను మొదటిసారి అక్కడ తీసిన నాలుగు ఫిల్మ్ షీట్లూ బూడిదరంగుగా వచ్చాయి. నల్లరాతి స్తంభాల మీద, మదనికల (స్తంభాల పైనున్న స్త్రీ శిల్పాల) మీద పలచటి పాలపొర కప్పినట్టుంది. సూర్యుడు ఫ్రేమ్‌లో లేడు, వెలుగు చుక్కలు గానీ వలయాలు గానీ ఎక్కడా లేవు. ఎక్స్‌పోజర్ తప్పిందనుకున్నాను. కాదు, అదీ ఫ్లేరే: అక్కర్లేని వెలుగు లెన్స్‌లో, కెమెరా లోపల చెదిరి ఫిల్మ్ మీద పడటం.

నాది 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ వాడే ఫీల్డ్ కెమెరా (మడిచి మోసుకెళ్లే టెక్నికల్ కెమెరా), లెన్స్ 90 మి.మీ. సూపర్ ఆంగులాన్. ఎఫ్ 22 అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) దగ్గర అది 235 మి.మీ. వెడల్పున్న వెలుగు వృత్తాన్ని వేస్తుంది. అందులో ఫిల్మ్ వాడుకునేది దాదాపు నాలుగో వంతే. మిగతాదంతా బెలోస్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్యనున్న తిత్తి) మడతలకు తగిలి, అక్కడి నుంచి ఫిల్మ్ మీదికి చిమ్ముతుంది. శిఖరం కోసం లెన్స్‌ను పైకి జరిపితే ఇంకో చిక్కు. కెమెరా లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, ఫ్రేమ్‌లోకి రాని నేల, అంటే నా కాళ్ల ముందు ఎండలో మెరిసే నేల, ఫిల్మ్‌కి పైనున్న బెలోస్ మీద పడుతుంది. అందుకే సూర్యుణ్ణి ఒక్కణ్ణే అడ్డుకుంటే చాలదు. కింది నుంచి వచ్చే వెలుగునూ కోయాలి.

ఫ్రేమ్, ఫోకస్ కుదిరాక తల మీద కప్పుకున్న నల్లగుడ్డలోంచి బయటికి రండి. లెన్స్ ముందుకు వెళ్లి గాజును చూడండి. దాని మీద ఎండ మెరుస్తోందా? నల్ల కార్డు నీడ గాజు మొత్తాన్ని కప్పేదాకా జరిపి, స్టాండుకు క్లిప్ పెట్టండి. మామూలు నల్ల చార్టు కూడా కాస్త మెరుస్తుంది. నేను మౌంట్ బోర్డుకి నల్ల వెల్వెట్ అంటించి వాడతాను. గాలి ఎక్కువగా ఉంటే నల్ల గొడుగు పట్టే మనిషి ఒకరుంటే మేలు.

బెలోస్ హుడ్ (లెన్స్ ముందు పెట్టే మడతల గొట్టం) ఉంటే, లెన్స్ పైకి జరిపినప్పుడు హుడ్ పై అంచునూ పైకి లేపాలి. కింది అంచును మాత్రం ఫ్రేమ్ దాకా దగ్గరికి తేవచ్చు. నేల వెలుగును కోసేది అదే. గుండ్రటి హుడ్‌తో ఇది కుదరదు.

హుడ్ గానీ కార్డు గానీ ఫ్రేమ్‌లోకి వచ్చిందేమో తెలియాలంటే, షూట్ చేసే అపెర్చర్‌కే తగ్గించి, గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే వెనక గరుకు గాజు) కత్తిరించిన మూలల్లోంచి లెన్స్ వైపు చూడండి. అపెర్చర్ రంధ్రం నాలుగు మూలల నుంచీ పూర్తిగా కనబడాలి. ఒక పక్క కొరికినట్టుంటే ఆ మూల చీకటవుతుంది. కొద్దిగా వెనక్కి జరపండి. ఈ పరీక్ష నేను ఒక్కసారి కూడా మానను.

గాజు మీద వేలిముద్ర ఉన్నా పాలపొరే, తుడవండి. అవసరం లేని ఫిల్టర్ తీసేయండి.

ఫిల్మ్ బదులు డిజిటల్ బ్యాక్ వాడేవాళ్లు కార్డు పెట్టి ఒకటి, తీసేసి ఒకటి తీసి హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) ఎడమ అంచు, అంటే నలుపు వైపు, చూడండి. కార్డుతో నలుపు ఇంకా ఎడమకు జరిగితే, కార్డు లేనప్పుడు ఫ్లేర్ ఉన్నట్టే. సూర్యుడు ఫ్రేమ్‌లోనే ఉంటే కార్డుతో పని కాదు. ఒక షాట్ మామూలుగా, ఇంకొకటి బొటనవేలితో సూర్యుణ్ణి కప్పి తీసి, తర్వాత కలుపుతాను.

సూర్యుడు నాలుగు నిమిషాల్లో ఒక డిగ్రీ జరుగుతాడు. ఫిల్మ్ హోల్డర్ పెట్టి, దాని మూత (డార్క్ స్లైడ్) తీసేలోపు నీడ గాజు మీంచి జారిపోవచ్చు. రెండో షీటుకు హోల్డర్ తిప్పగానే మళ్లీ లెన్స్ ముందుకు వెళ్లి చూడండి.