రోజుకు ఎన్నిసార్లు స్నానం చేయాలి? సబ్బు ఎక్కడ రుద్దాలి?

ఎండాకాలం వస్తే పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నీళ్లు పోసుకోవడం మన ఇళ్లలో మామూలే. అందులో తప్పేమీ లేదు. ఇబ్బందల్లా రెండుసార్లూ ఒళ్లంతా సబ్బు రుద్దడంతోనే. మన చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5 దరిదాపుల్లో, కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. మామూలు స్నానపు సబ్బుది 9 నుంచి 10, అంటే క్షార గుణం. రుద్దేకొద్దీ చర్మం మీది నూనె పొర పోయి, తెల్లగా పొట్టు లేచి దురద మొదలవుతుంది.

1. ముందు మీ పని చూసుకోండి. పొలం, వంటిల్లు, బండి మీద తిరుగుడు, ఆటలు... ఒళ్లు చెమటతో తడిసిన రోజు ఇంటికి రాగానే స్నానం చేయాలి. నీడపట్టున కూర్చునే పనికి రోజుకొకసారి చాలు. చలికాలంలో, చర్మం పొడిబారే పెద్దవాళ్లకు రోజు విడిచి రోజు చాలు. మధ్య రోజు ముఖం, చంకలు, గజ్జలు, పాదాలు కడుక్కుంటే సరిపోతుంది. ఆచారం పేరుతో వాళ్లను తెల్లవారుజామున చన్నీళ్లతో వణికించకండి.

2. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. 5 నుంచి 10 నిమిషాల్లో ముగించండి.

3. సబ్బు చంకలకు, గజ్జలకు, పిరుదులకు, పాదాలకు. మట్టి అంటుకోకపోతే మిగతా ఒంటికి నీళ్లే చాలు. చెమటకు సొంతంగా వాసన దాదాపు ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఊరే చెమటను బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది.

4. ఒంటి మడతల్లో తడి లేకుండా తుడుచుకోండి. స్నానం ఎంత బాగా చేసినా ఇక్కడే చెడుతుంది. గజ్జల్లో, రొమ్ముల కింద, కాలివేళ్ల సందుల్లో తేమ మిగిలితే తామర (ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి) పట్టుకుంటుంది. ఒకే తువ్వాలు నలుగురూ వాడితే ఒకరి నుంచి ఇంటిల్లిపాదికీ పాకుతుంది. ఎవరి తువ్వాలు వాళ్లకుండాలి, అదీ ఎండలో ఆరాలి. తడి ఆరని లోదుస్తులు వేసుకోవద్దు. తామరకు మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము అస్సలు రాయకండి. రెండు రోజులు దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల తామర ఇంకా పాకుతుంది. చర్మ వైద్యుల్ని కలవండి.

5. మిగతా ఒంటి మీద కాస్త చెమ్మ ఉండగానే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాసుకోండి. తలస్నానం చాలామందికి వారానికి రెండు మూడుసార్లు చాలు. జిడ్డు ఎక్కువైతే ఇంకోసారి.

6. పసిబిడ్డల సంగతి వేరు. పుట్టిన 24 గంటల దాకా స్నానం ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ తర్వాత ఏడాది నిండేదాకా వారానికి మూడుసార్లు చాలు. ఉక్క రోజుల్లో ఉత్త నీళ్లు ఎక్కువసార్లు పోసినా పర్వాలేదు. చెమటకాయలు లేచిన చోట మాత్రం నూనె రాయొద్దు, చెమట రంధ్రాలు ఇంకా మూసుకుపోతాయి. పల్చటి నూలు చొక్కా తొడిగి, గాలి తగిలేచోట పడుకోబెట్టండి.