ఉద్యోగం పోయింది, ఇంట్లో ఎలా చెప్పాలి, రోజు ఎలా గడపాలి

లేఆఫ్ అని చెప్పిన రోజు చేయాల్సింది చాలా తక్కువ. హెచ్ఆర్ వాళ్లు "రిజైన్ చేసినట్టు రాసివ్వండి" అంటే అక్కడికక్కడే సంతకం పెట్టకండి. చదువుకుని రేపు చెబుతానని లేవండి. ఆ రాత్రి లింక్డ్‌ఇన్‌లో ఏమీ రాయకండి. కోపంలో పెట్టిన పోస్టు పొద్దున తీసేసినా, స్క్రీన్‌షాట్లు తిరుగుతూనే ఉంటాయి.

మనిషిని ఎక్కువగా కుంగదీసేది ఇంట్లో దాచడం. రోజూ తొమ్మిదింటికి క్యారేజీ పట్టుకుని బయల్దేరి, సాయంత్రం దాకా ఏ పార్కులోనో కూర్చుని వచ్చేవాళ్లున్నారు. ఉద్యోగం పోయిన బాధకు, ఎప్పుడు బయటపడుతుందోనన్న భయం తోడవుతుంది. తీరా తెలిశాక ఇంట్లోవాళ్ల మనసు విరిగేది తమకు చెప్పనందుకే. అందుకని మూడు రోజుల్లోపు చెప్పేయండి.

చెప్పేముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: చివరి జీతంతో కలిపి చేతిలో ఉన్న డబ్బు, నెలకు తప్పని ఖర్చు (అద్దె, ఈఎమ్ఐ, ఫీజులు, సరుకులు), మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే నెలలు. 3 లక్షలుండి నెలకు 60 వేలు ఖర్చయితే ఐదు నెలలు. "ఏం చేస్తామో తెలీదు" అన్న మాట కన్నా ఈ అంకె ఇంట్లోవాళ్లకు ఎంతో ధైర్యమిస్తుంది.

ముందు భార్యకో భర్తకో చెప్పండి, తర్వాత అమ్మానాన్నలకు. భోజనాల దగ్గర, పడుకునేముందు వద్దు. సాయంత్రం టీ తాగాక మంచి సమయం. ఊళ్లో ఉన్నవాళ్లకు వాట్సాప్ మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. ఇంతే చాలు: "నాన్నా, మా కంపెనీలో కొంతమందిని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. ఐదు నెలలు ఇల్లు గడవడానికి డబ్బుంది. వేరేది చూసుకుంటున్నాను." ఆ తర్వాత వాళ్లను మాట్లాడనివ్వండి. "అందుకే గవర్నమెంటు ఉద్యోగం చూసుకోమన్నాం" అని అనొచ్చు. అది భయంతో వచ్చే మాట, దానికి వాదనకు దిగకండి. బడికెళ్లే పిల్లలకు కూడా చెప్పాలి: నాన్న కొన్నాళ్లు ఇంట్లోనే ఉంటాడు, నీ బడి మారదు. చెప్పకపోతే ఇంట్లో గొడవలకు తామే కారణమనుకుంటారు.

ఇక రోజు గడవడం. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మరియెన్‌తాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడింది. మేరీ యహోదా అనే సామాజిక పరిశోధకురాలు, ఆమె సహచరులు అక్కడికెళ్లి చూస్తే, అంత తీరిక దొరికినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గిపోయింది. ఖాళీ పెరిగేకొద్దీ చిన్న పని కూడా కొండంతవుతుంది. కాబట్టి లేచే సమయం మార్చకండి. స్నానం చేసి, ఇంట్లో వేసుకునే బట్టలు మార్చుకుని, పదింటి నుంచి ఒంటిగంట దాకా మాత్రమే ఉద్యోగం వెతకండి. రోజుకు మూడు నాలుగు అప్లికేషన్లు, ఒక్కోదానికి తగ్గట్టు రెజ్యూమె సరిచేసి పంపండి. అర్ధరాత్రి నౌకరీ సైటు తెరిచి యాభై చోట్ల నొక్కితే మిగిలేది నిద్రలేమి. సాయంత్రం అరగంట నడవండి.

లోపలి కోపానికి ఒక మంచి మందుంది. 1994లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఉద్యోగం పోయినవాళ్ల చేత రోజుకు 20 నిమిషాలు, వరుసగా ఐదు రోజులు, మనసులో ఉన్నదంతా రాయించారు. రాయనివాళ్లకంటే వీళ్లలో ఎక్కువమందికి త్వరగా ఉద్యోగాలు దొరికాయి. తెలుగులోనే రాయండి, తప్పులు చూసుకోకండి, కావాలంటే చించేయండి. పడుకునేముందు మాత్రం రాయకండి, నిద్ర పట్టదు. రాసేకొద్దీ బరువు పెరుగుతోందనిపిస్తే ఆపేయండి. కోపం అలాగే ఉంటే ఇంటర్వ్యూలో "అక్కడ ఎందుకు మానేశారు?" అనగానే గొంతు మారిపోతుంది, ఎదుటివాళ్లు పసిగడతారు.

పెళ్లిళ్లకు వెళ్లడం మానకండి. ఎవరైనా అడిగితే, "అక్కడ తీసేశారు బాబాయ్, వేరేది చూస్తున్నాను, మీకు తెలిసినచోట ఏమైనా ఉంటే చెప్పండి" అనేయండి. ఆరా తీయడం అక్కడితో ఆగుతుంది, ఒక్కోసారి పనికొచ్చే ఫోన్ నంబరూ దొరుకుతుంది. ఈ దిగులులోనే "బ్యాక్‌డోర్ ఉద్యోగం" (దొడ్డిదారిన ఇప్పించేది) అంటూ లక్షలు అడిగేవాళ్లు తగులుతారు. డబ్బు కట్టకండి.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోతే, పొద్దున్నే మద్యం కావాలనిపిస్తే, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ టెలీ మానస్, ఖర్చేమీ లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఒక్కరే వెళ్లకండి, ఇంట్లో ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి.